ఒకే సరుకు, గులాబీ డబ్బా: విలువలు చూసి కొనాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పసుపుపెన్సిల్:
నాకు ఇరవై రెండేళ్ళు. తక్కువ కొనాలి, కొన్నది చిరిగేదాకా వాడాలి, కుట్టినవాళ్ళకు సరైన కూలి అందాలి అన్నవి నేను పెట్టుకున్న నియమాలు. కొనడానికి వెళ్తే మాత్రం అమ్మాయినైనందుకు నా ముందుకొచ్చే సరుకే వేరు. చొక్కా బట్ట పలచన. జేబు ఉండదు, ఉన్నా అది బొమ్మ జేబు. రేజరు గులాబీ రంగు, ధర మాత్రం రెండు మెట్లు పైన. ఒకే డ్రెస్సు వరసగా మూడుసార్లు వేస్తే అమ్మాయిని అడుగుతారు, అబ్బాయిని ఎవరూ పట్టించుకోరు. అంటే నేను ఎక్కువ కొనాలి, కొన్నది త్వరగా పాడవ్వాలి, మళ్ళీ కొనాలి.

ఇవి నిజంగా వేరే వస్తువులా, ఒకటేనా అన్నది ఎలా తేల్చుకోవాలి? బట్ట ఆగుతుందో లేదో కొనేముందే తెలుసుకునే దారి ఉందా? లేని జేబు పెట్టించుకోవచ్చా? లేబుళ్ళలో ఏది నమ్మాలి? ఇంకో అనుమానం కూడా ఉంది. ఇవన్నీ చదివి, పోల్చి, కుట్టుకుని, ఆరేసుకుని, చివరికి నీతి పేరుతో కొత్త చాకిరీ నెత్తినేసుకుంటున్నానా?

లెక్కలచీటీ:
రేజరుతో మొదలుపెడదాం. రంగు వదిలేసి తల చూడండి. బ్లేళ్ళు ఎన్ని, చుట్టూ జారుడు పట్టీ ఎంత, మార్చుకునే ముక్క ఏ పిడికి పడుతుంది అన్నవే లెక్క. కాళ్ళకని అమ్మేవాటికి తల కాస్త వెడల్పుగా, మూలలు గుండ్రంగా, పిడి తడిచేతిలో జారకుండా లావుగా ఉంటుంది. అంతవరకు తేడా నిజమే. స్టీలు అంచు మాత్రం వెంట్రుక ఎవరిదని అడగదు. ఖర్చంతా పిడిలో కాదు, మార్చే ముక్కల్లో ఉంటుంది. కాబట్టి ఒక్కో ముక్క ధర లెక్కేసి పోల్చండి.

క్రీములు, ఫోములు, చెమట ఆపేవాటికి డబ్బా వెనక్కి తిప్పండి. యూరప్, అమెరికా నిబంధనల ప్రకారం పదార్థాల జాబితా ఎక్కువ ఉన్నదానితో మొదలై తగ్గుతూ వస్తుంది. ఒక శాతం కన్నా తక్కువున్నవాటిని చివర్లో ఏ వరుసలోనైనా రాయొచ్చు. అందుకే జాబితా తోకలో కనిపించే పూల పేర్లు, తేనె పేర్లు చూసి మోసపోవద్దు. మొదటి ఐదారు పేర్లు రెండు డబ్బాల్లోనూ అదే వరుసలో ఉండి, తేడా సువాసన దగ్గరే మొదలైతే మీరు సువాసనకు డబ్బు కడుతున్నట్టే.

తర్వాత భాగహారం. ధరను గ్రాములతో భాగించి వందతో గుణించండి. ఇక్కడే ఎక్కువమంది పడిపోతారు: రెండు డబ్బాల ధర ఒకటే ఉంటుంది, ఒకదాంట్లో సరుకు తక్కువ ఉంటుంది, నడుము దగ్గర సన్నబడిన సీసా అది కనబడనివ్వదు.

అంకెలు కావాలంటే, న్యూయార్క్ నగర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2015లో దాదాపు 800 వస్తువుల్ని జతలుగా పోల్చింది. ఆడవాళ్ళవి సగటున 7 శాతం, ఒంటి సంరక్షణ వస్తువులైతే 13 శాతం ఎక్కువ ధర పలికాయి.

అడ్డుప్రశ్న:
ఆ నివేదికను పట్టుకునే ముందు ఒక మాట. అక్కడ పోల్చినవి పోలికలున్న వస్తువులు, అచ్చంగా ఒకే పదార్థాలున్నవి కావు. కచ్చితంగా ఒకే పదార్థాలున్న జతలే తీసుకుంటే ఆ తేడా చాలావరకు కరిగిపోతుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. అసలు కిటుకు వేరే చోట ఉంది. రెండింటినీ కొద్దిగా మార్చి, వేర్వేరు అరల్లో పెట్టి, పోల్చే వీలే లేకుండా చేస్తారు. కాబట్టి "ఆడవాళ్ళది ఎప్పుడూ ఖరీదే" అనుకుని కళ్ళు మూసుకుని మగవాళ్ళ అరలోంచి తీయడం కూడా పొరపాటే. పైన చెప్పిన భాగహారం ప్రతిసారీ చేయాల్సిందే.

దర్జీకత్తెర:
బట్టల సంగతి నేను చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

అమ్మాయిల జీన్సు జేబుల గురించి మీ ఫిర్యాదు ఊహ కాదు. 2018లో 20 బ్రాండ్ల జీన్సు కొలిచి చూస్తే ముందు జేబులు మగవాళ్ళవాటికన్నా సగటున 48 శాతం పొట్టిగా, 6.5 శాతం ఇరుకుగా తేలాయి. ఒంటికి అతికేలా కత్తిరించిన పలచని బట్టలో జేబు సంచి గీత బయటకు కనబడుతుంది. ఆ గీత కనబడకూడదన్నది ఒక కారణం, గుడ్డ, కుట్టుపని మిగులుతాయన్నది ఇంకోటి.

కొనేముందు రెండు నిమిషాల పరీక్ష. బట్ట వెనక అరచెయ్యి పెట్టి వెలుతురుకు పట్టుకోండి. వేళ్ళు విడివిడిగా లెక్కపెట్టగలిగితే అది లోపల ఇంకోటి వేసుకునే బట్ట. లేబుల్ మీద జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క) ఉంటే, టీషర్టుకు 120–140 పలచన, 160–180 రోజువారీకి సరిపోతుంది. లోపలికి తిప్పి కుట్టు పక్కల బట్టను రెండు చేతులతో లాగండి. కుట్టు పళ్ళికిలించి దారం కనబడితే బిగువు చాల్లేదు. చొక్కా కుట్టులో రెండున్నర సెంటీమీటర్లకు 10–12 కుట్లుండాలి, ఏడెనిమిదే ఉంటే మిషను తొందరపడిందని అర్థం.

టీషర్టైతే ఇంకో పని. పక్క కుట్టునూ, అల్లికలో నిలువుగా కనిపించే సన్నని గీతల్నీ పక్కపక్కన చూడండి. అవి సమాంతరంగా లేకపోతే గుడ్డను వంకరగా కత్తిరించారు. రెండు ఉతుకులకే పక్క కుట్టు బొడ్డు మీదకు తిరుగుతుంది, దాన్ని ఎవరూ సరిచేయలేరు.

ఉండలు కట్టడం కాటన్, పాలిస్టర్ కలిపిన బట్టలో ఎక్కువ. పొట్టి పోగులు రాపిడికి బయటకొచ్చి చుట్టుకుంటాయి. ఒట్టి కాటన్ అయితే ఆ ఉండలు రాలిపోతాయి, గట్టి పాలిస్టర్ పోగు మాత్రం వాటిని పట్టుకుని వేలాడుతుంది. బట్టను సాగేలా చేసే పోగు లైక్రా. దాన్ని చంపేవి వేడి, బ్లీచింగు. జీన్సులో రెండు శాతం చాలు. 

మగవాళ్ళ అరలోంచి చొక్కా కొనాలంటే, మీకు బాగా కుదిరిన చొక్కాను పరిచి చంక నుంచి చంకకు, తుంటి దగ్గర అడ్డంగా టేపు పెట్టి కొలిచి, ఆ కొలతలతో వెళ్ళండి. వాళ్ళ చొక్కాలు కింది దాకా తిన్నగా ఉంటాయి కాబట్టి సైజు తేల్చేది ఛాతీ కాదు, తుంటి. భుజం ఒకటి రెండు సెంటీమీటర్లు జారినా ఫర్వాలేదు. అంతకన్నా జారితే వదిలేయండి. నడుము తగ్గించడం సులువు కానీ, భుజం తగ్గించాలంటే చెయ్యి మొత్తం ఊడదీసి మళ్ళీ ఎక్కించాలి.

ఇక జేబు. వదులు ప్యాంటు, స్కర్టు, గౌను, వేటికైనా పక్క కుట్టులో పెట్టొచ్చు. బాగా దగ్గరగా నేసిన పలచని కాటన్ తీసుకోండి. అల్లిక గుడ్డ వద్దు, ఫోను వేయగానే సాగుతుంది. ముందు ఆ గుడ్డను ఉతికి ఆరేయాలి. ఉతక్కుండా కుడితే తర్వాత అది కుంచించుకుపోయి బయటి బట్టకు ముడతలొస్తాయి. మీ చెయ్యి పెట్టి గీసి చుట్టూ మూడు సెంటీమీటర్లు వదిలి కత్తిరించండి: పొడవు 28–30, వెడల్పు 16–17 సెంటీమీటర్లు, రెండు జేబులకు నాలుగు ముక్కలు.

నడుము పట్టీకి ఆరేడు సెంటీమీటర్ల కింద మొదలుపెట్టి 15 సెంటీమీటర్ల నోరు చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి. కుట్టు ఊడదీయడానికి ముందే ఆ రెండు కొసల దగ్గరా పాత కుట్టు మీద నాలుగైదు సార్లు వెనక్కీ ముందుకీ మిషను వేయండి. ఈ మెట్టు వదిలేస్తే ఓవర్‌లాక్ (అంచు పోగులు రాకుండా వేసే కుట్టు) గొలుసు కింద అంచు దాకా ఊడొస్తుంది. తర్వాత నోరు విప్పి, ఒక ముక్క ముందు భాగం అంచుకు, ఇంకోటి వెనక భాగం అంచుకు, మంచి వైపులు ఎదురెదురుగా ఉండేలా ఒక సెంటీమీటరు లోపల కుట్టండి. ఇస్త్రీ చేసి, రెండు ముక్కల్నీ కలిపి చుట్టూ కుట్టి, అంచుకు జిగ్‌జాగ్ వేయండి. సంచి పై కొసను రిబ్బను ముక్కతో నడుము పట్టీకి బిగించడం మర్చిపోవద్దు. లేకపోతే ఫోను బరువంతా పక్క కుట్టు మీద పడి నడుస్తుంటే తొడకు కొట్టుకుంటుంది.

మొదటిసారి కుట్టేవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు, రెండు జేబులూ ఎడమవైపువే కుట్టడం. నాలుగు ముక్కల్నీ ముందే బట్ట మీద పరిచి పిన్నులు పెట్టుకోండి. సాగే బట్టకు తిన్నని కుట్టు వేస్తే కూర్చోగానే తెగుతుంది, సన్న జిగ్‌జాగే వేయాలి.

పసుపుపెన్సిల్:
దర్జీకత్తెర గారూ, చాలా థాంక్సండీ. కోటుకు జేబు మూత ఉంది కానీ నోరు మూసుకుని ఉంది. అది కూడా ఉత్తుత్తిదేనా?

దర్జీకత్తెర:
తేల్చుకోవడం తేలికేనండీ. లోపల అస్తరు మీద చెయ్యి పెట్టి తడిమి చూడండి. సంచి తగిలితే అది నిజం జేబు, కోటు ఆకారం చెడకుండా నోటికి టాకాలు వేసి అమ్మారు. ఆ కుట్లు వదులుగా, పొడుగ్గా ఉంటాయి. మధ్యలో ఒక్క కుట్టు తెంపి దారం లాగితే మొత్తం వచ్చేస్తుంది. సంచి తగలకపోతే మాత్రం కత్తెర పెట్టొద్దు, మూత కింద కోటు బట్ట తప్ప ఏమీ ఉండదు.

నూలుపోగు:
లేబుళ్ళ గురించి. "ఎకో", "గ్రీన్", "స్పృహతో తయారైంది" లాంటి మాటల పక్కన ధ్రువీకరణ నంబరు లేకపోతే అవి ఒట్టి మాటలు. నంబరున్నవాటిలో తరచూ కలగాపులగం చేసేవి రెండు. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అంటే తయారైన బట్టలో హానికర రసాయనాలు పరిమితి దాటలేదని. కుట్టినవాళ్ళ కూలి గురించి అది ఏమీ చెప్పదు. జీఓటీఎస్ అన్నది ఆర్గానిక్ బట్టలకు ఇచ్చే ధ్రువీకరణ. దాంట్లో "ఆర్గానిక్" అని రాయాలంటే కనీసం 95 శాతం, "ఆర్గానిక్‌తో చేసింది" అనాలంటే కనీసం 70 శాతం ధ్రువీకరించిన ఆర్గానిక్ పోగు ఉండాలి. పనివాళ్ళ పరిస్థితులకూ దాంట్లో షరతులున్నాయి. రెండింటి నంబర్లూ వాళ్ళ సైట్లలో కొట్టి చూసుకోవచ్చు. నంబరు దొరక్కపోతే లేబులు లేనట్టే లెక్క.

రీసైకిల్డ్ పాలిస్టర్ ఎక్కువగా వచ్చేది పాత బట్టల నుంచి కాదు, ప్లాస్టిక్ సీసాల నుంచి. ఉతికితే పోగులు రాల్చడంలో కొత్త పాలిస్టర్‌కు అదేం తీసిపోదు.

మీ ప్రశ్నలో ఆడా మగా తేడా కొనేవైపే కనిపించింది. కుట్టేవైపు ఇంకా ఎక్కువ. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ముందురోజే గోడల్లో పగుళ్ళు కనిపించాయి, కింద ఉన్న బ్యాంకు మూసేశారు, పైనున్న కుట్టు కార్మికుల్ని మాత్రం పనిలోకి రమ్మన్నారు. ఆ తర్వాత బ్రాండ్లూ కార్మిక సంఘాలూ చట్టబద్ధమైన భద్రతా ఒప్పందం చేసుకున్నాయి. కొనేవాళ్ళు లేబుల్ చదివినందుకు వచ్చింది కాదది, సంఘాలూ జనమూ కలిసి ఒత్తిడి తెచ్చినందుకు వచ్చింది.

కాబట్టి బ్రాండుకు ఒక మెయిల్ రాస్తే మూడే అడగండి. కుట్టే ఫ్యాక్టరీల పేర్లూ చిరునామాలూ బయటపెట్టారా? కట్టేది కనీస వేతనమా, బతకడానికి చాలే వేతనమా, దేని ప్రకారం లెక్కేశారు? ఫ్యాక్టరీలో సంఘం ఉందా? "మేం విలువలకు కట్టుబడి ఉన్నాం" అని జవాబొస్తే మూడింటికీ "లేదు" అని రాసుకోండి. జవాబులో ఫ్యాక్టరీ పేరుంటే ఓపెన్ సప్లై హబ్ అనే ఫ్యాక్టరీల జాబితా సైటులో ఉచితంగా వెతకొచ్చు. జాబితాలో ఉన్నంత మాత్రాన కూలి బాగుందని కాదు, వెతికితే దొరుకుతుందని మాత్రమే.

ఆరేసినబట్ట:
మీ చివరి ప్రశ్నను అందరూ దాటేశారు. అవునండీ, చాకిరీయే. నీతిగా కొనాలన్న బరువు కూడా ఇళ్ళలో తిరిగి తిరిగి ఆడవాళ్ళ మీదే వాలుతుంది. అది కంటికి కనబడే పని కాకపోవడం అసలు చిక్కు. డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2019లో ఈ తలపనిని నాలుగు ముక్కలు చేసి చూపించారు: అవసరాన్ని ముందే పసిగట్టడం, దారులు వెతకడం, నిర్ణయించడం, అయిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. నిర్ణయం దగ్గర భార్యాభర్తలిద్దరూ కనబడతారు. పసిగట్టేదీ, కనిపెట్టుకుని ఉండేదీ ఎక్కువగా భార్యే.

అందుకే "నాకు కాస్త సాయం చెయ్యి" అనొద్దు. అలా అంటే చేతిపని అవతలివాళ్ళకు, తలపని మీకు. ఒక వస్తువు మొత్తాన్ని అప్పగించండి. సబ్బులు, పౌడర్లు తమ్ముడివి అనుకుంటే, అయిపోతున్నాయని చూడటం, వంద గ్రాముల ధర లెక్కేయడం, తేవడం, ఖాళీ డబ్బా పారేయడం అన్నీ అతనివే. రెండుసార్లు సబ్బు లేకుండా రోజు గడవొచ్చు. మీరు గుర్తు చేశారంటే ఆ పని తిరిగి మీ దగ్గరికే వచ్చేసినట్టు.

"ఇదే డ్రెస్సా మళ్ళీ?" అన్నదానికి మందు లేదు, "అవును, ఇదే" తప్ప. మీ కోసం మాత్రం ఒక లెక్క పెట్టుకోండి. హ్యాంగరుకు పిన్నీసు తగిలించి, వేసిన ప్రతిసారీ దారం ముడి ఒకటి వేయండి. ధరను ముడులతో భాగిస్తే ఏది చవకో తెలుస్తుంది. కొనే రోజే "వందసార్లు వేస్తాను" అని భాగించుకోవడం మాత్రం మోసం. పోయిన ఏడాది అలాంటి బట్ట నిజంగా ఎన్నిసార్లు వేశారో ఆ అంకెతోనే భాగించాలి.

బాగుచేసే బుట్టను కూడా పంచండి. బొత్తాం కుట్టడం ఎవరికైనా పది నిమిషాల్లో వస్తుంది. అర మీటరు దారం రెండు పేటలు చేసి ముడి వేయాలి, బొత్తాం మీద అగ్గిపుల్ల పెట్టి ఒక్కో జత రంధ్రాల్లోంచి నాలుగుసార్లు సూది తీయాలి. పుల్ల తీసేసి, బొత్తాన్ని పైకి లాగి, కింద మిగిలిన దారం కాడకు నాలుగు చుట్లు చుట్టి వెనకవైపు ముడేయాలి. పుల్ల పెట్టకపోతే బొత్తాం బట్టకు అతుక్కుపోయి, కాజాలో పెట్టేటప్పుడు గుడ్డ గుంజుకుని చిరుగుతుంది. మొదటి బొత్తాం వంకరగానే వస్తుంది. దాన్ని ఊడదీసి మీరు కుట్టకండి.