155 మి.మీ. పరిమితి ఉన్న క్యాబినెట్‌లో ఐ7-12700కు ఏ కూలర్ పడుతుంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేస్తాను. నా కంప్యూటర్‌లో ఇంటెల్ కోర్ ఐ7-12700 ప్రాసెసర్, మైక్రో ఏటీఎక్స్ మదర్‌బోర్డు, 44 మి.మీ. ఎత్తున్న రెండు ర్యామ్ స్టిక్కులు ఉన్నాయి. కూలర్ మాత్రం ప్రాసెసర్ పెట్టెలో వచ్చినదే. పని గది పై అంతస్తులో స్లాబు కిందే ఉంది. ఏసీ లేదు. మే నెల మధ్యాహ్నం పెద్ద వీడియోను రెండర్‌కు (ఎడిట్ చేసినదాన్ని తుది వీడియోగా మార్చడానికి) పెడితే కాసేపట్లోనే ప్రాసెసర్ 100 డిగ్రీలకు చేరి, వేగం దానంతటదే తగ్గిపోతోంది.

డీప్‌కూల్ ఏకే620 కొందామనుకున్నాను. దాని ఎత్తు 160 మి.మీ. నా క్యాబినెట్ పెట్టె మీద కూలర్ ఎత్తు 155 మి.మీ. దాటకూడదని రాసి ఉంది. అయితే నేను స్టీలు స్కేలుతో మదర్‌బోర్డు ఉపరితలం నుంచి సైడ్ ప్యానెల్ కూర్చునే అంచు వరకు కొలిస్తే 163 మి.మీ. వచ్చింది. కొలత సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి మూడుసార్లు కొలిచాను. అలాంటప్పుడు పెట్టె మీది అంకెను పట్టించుకోకుండా 160 మి.మీ. కూలర్ తీసుకోవచ్చునా? అది కుదరకపోతే, మా బావమరిది ఐ5-10400కు వాడి తీసేసిన టవర్ కూలర్ ఒకటి ఇంట్లో ఉంది. దాన్ని బిగించుకోవచ్చేమో కూడా దయచేసి చెప్పండి.

జవాబు 1

మీ కొలతలో పొరపాటు లేదు, కొలవడం మొదలుపెట్టిన చోటే తేడా వచ్చింది. కూలర్ కూర్చునేది మదర్‌బోర్డు మీద కాదు, ప్రాసెసర్ లోహపు మూత మీద. కూలర్ తయారీదారు చెప్పే ఎత్తు కూడా ఆ మూతను తాకే అడుగు నుంచి పైన హీట్‌పైపుల (వేడిని పైకి మోసే లోహపు గొట్టాల) కొనల వరకు ఉన్న ఎత్తే. మీ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే గూడు, అంటే ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో ప్రాసెసర్‌ను బిగించాక దాని పైభాగం బోర్డు నుంచి సుమారు 7 మి.మీ. పైకి వస్తుంది. మీ 163లోంచి ఆ 7 తీసేస్తే మిగిలేది 156. పెట్టె మీద రాసిన 155తో అది సరిపోతోంది కదా! 160 మి.మీ. కూలర్ పెడితే ప్యానెల్ మూతపడదు.

మూతపడకపోయినా బలవంతంగా స్క్రూలు బిగిద్దామని మాత్రం ఆలోచించకండి. కొన్నేళ్ల కిందట నేను 155 మి.మీ. క్యాబినెట్‌లో 158 మి.మీ. కూలర్ పెట్టి, మూడు మిల్లీమీటర్లే కదా అనుకొని రేకు ప్యానెల్‌ను నొక్కి బిగించాను. ప్యానెల్ మధ్యలో ఉబ్బింది. ఆ ఒత్తిడి హీట్‌పైపుల మీదుగా ప్రాసెసర్ మీదా, బోర్డు మీదా పడుతోందని తర్వాత అర్థమై, ప్యానెల్ తీసేసి ఆ వేసవంతా క్యాబినెట్ తెరిచే ఉంచాను. లోపల చేరిన దుమ్ము శుభ్రం చేయడానికి ఒక పూట పట్టింది. మీ ప్యానెల్ గాజుదైతే ఇంకా ప్రమాదం. ఒకే చోట ఒత్తిడి పడితే టెంపర్డ్ గ్లాస్ ఒక్కసారిగా ముక్కలైపోతుంది.

జవాబు 2

బావమరిది గారి కూలర్ గురించి. ఐ5-10400 సాకెట్ ఎల్‌జీఏ 1200. దానికి కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మి.మీ.; మీ ఎల్‌జీఏ 1700 బోర్డుకు 78 మి.మీ. కాబట్టి పాత బ్రాకెట్ నేరుగా పట్టదు. ఆ కూలర్ కంపెనీ 1700 బ్రాకెట్ విడిగా అమ్ముతోందేమో చూడండి. అమ్ముతుంటే, కూలర్ ఎత్తు కూడా సరిపోతే నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. లేకపోతే రంధ్రాలను సాగదీసే ప్రయత్నాలు వద్దు, ఎందుకంటే ఒత్తిడి అన్ని మూలలా సమానంగా పడకపోతే ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఎంత మంచి థర్మల్ పేస్టు రాసినా లాభం ఉండదు.

ఇక మీ ర్యామ్ ఎత్తు 44 మి.మీ. అన్నారు. రెండు టవర్లున్న పెద్ద కూలర్లలో ముందు ఫ్యాన్ ర్యామ్ స్లాట్ల మీదికి వస్తుంది. ఉదాహరణకు నాక్టువా ఎన్‌హెచ్-డీ15లో రెండు ఫ్యాన్లూ పెడితే ర్యామ్‌కు మిగిలే ఎత్తు 32 మి.మీ. మాత్రమే. ఎత్తైన ర్యామ్ ఉన్నవారు ఆ ఫ్యాన్‌ను కాస్త పైకి జరిపి పెట్టుకుంటారు గానీ, అప్పుడు మొత్తం ఎత్తు అంత మేరకు పెరుగుతుంది. మీ క్యాబినెట్‌లో ఆ వెసులుబాటు లేదు. ఒకే టవర్, ఒకే 120 మి.మీ. ఫ్యాన్ ఉన్న కూలర్ మీకు సరైనది.

వాటిలోనూ ఎత్తు చూసి ఎంచుకోవాలి. డీప్‌కూల్ ఏకే400 సరిగ్గా 155 మి.మీ. కాగితం మీద పడుతుంది గానీ, మిగిలే సందు ఒక్క మిల్లీమీటరే. ప్యానెల్ రేకు లోపలికి కాస్త వంగి ఉన్నా హీట్‌పైపుల కొనలకు తగులుతుంది. అదే కంపెనీ ఏజీ400, ఐడీ-కూలింగ్ ఎస్ఈ-214-ఎక్స్‌టీ రెండూ 150 మి.మీ. ఎత్తువే. నేనైతే వీటిలో ఒకటి తీసుకుంటాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ప్యానెల్ రేకుదే, మీరు అన్నట్టు మధ్యలో లోపలికి స్వల్పంగా నొక్కు ఉంది. ఏజీ400 తీసుకుంటాను. ఒక సందేహం మిగిలింది. చిన్న కూలర్ తీసుకుంటున్నాను కనుక రోహిణి కార్తెలో మళ్లీ 100 డిగ్రీలకే చేరుతుందా?

జవాబు 3

ఏ కూలరైనా ప్రాసెసర్ వేడిని గది గాలికి అప్పగించడం వరకే చేయగలదు. 25 డిగ్రీల గదిలో 75 డిగ్రీలు చూపించిన యంత్రం 40 డిగ్రీల గదిలో అదే పనికి ఇంచుమించు 90 చూపిస్తుంది. అందుకని మన వేసవిలో కూలర్ సైజు కంటే ముందు ప్రాసెసర్ ఎంత కరెంటు తీసుకుంటోందో చూడాలి.

ఐ7-12700కు రాసే 65 వాట్లు బేస్ పవర్ మాత్రమే, టర్బోలో (వేగం దానంతటదే పెంచుకున్నప్పుడు) అది 180 వాట్ల వరకు తీసుకుంటుంది. చాలా మదర్‌బోర్డులు ఆ 180ని కొద్దిసేపటికి పరిమితం చేయకుండా రెండర్ సాగినంతసేపూ తీసుకోనిస్తాయి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరుచుకోగల మదర్‌బోర్డు సెట్టింగుల్లో) పీఎల్1, పీఎల్2 అని ప్రాసెసర్ తీసుకునే వాట్లకు రెండు పరిమితులు ఉంటాయి; మొదటిది ఎక్కువసేపటికి, రెండోది కొద్దిసేపటికి. రెండింటినీ 125 వాట్లకు మార్చండి. వాట్లు దాదాపు మూడో వంతు తగ్గినా వేగం అంత తగ్గదు, ఎందుకంటే చివరి కొద్దిపాటి వేగం కోసం ప్రాసెసర్ వోల్టేజీని బాగా పెంచాల్సి వస్తుంది, ఖర్చయ్యే వాట్లు వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతాయి. మీరు గంటల తరబడి రెండర్‌కు పెట్టి పక్కన వేరే పని చూసుకునేవారు కాబట్టి కొన్ని నిమిషాల ఆలస్యం పెద్ద నష్టం కాదు. 125 వాట్లను ఏజీ400 లాంటి కూలర్ మీ గదిలో కూడా మోయగలదని నా నమ్మకం.

బిగించేటప్పుడు ఫ్యాన్ గాలి క్యాబినెట్ వెనక ఫ్యాన్ వైపు పోయేలా చూసుకోండి. కూలర్ అడుగున అంటించి ఉండే పల్చని ప్లాస్టిక్ పొరను తీయడం మరచిపోవద్దు. నాలుగు స్క్రూలను ఎదురెదురు మూలలుగా, కొంచెం కొంచెంగా బిగించండి. అంతా అయ్యాక, మధ్యాహ్నం రెండు గంటల వేళ ప్యానెల్ మూసే ఉంచి అరగంట రెండర్ పెట్టి, వచ్చిన ఉష్ణోగ్రతను ఇక్కడ రాయండి. ఇంకా 90 దాటుతుంటే పీఎల్1ను 105 వాట్లకు దించి చూద్దాం.