ముక్కు దించితే ఓవర్‌స్పీడ్, ఎత్తితే దిగదు: ఏం చెయ్యాలి?

గుణుపురం నుంచి సంతోష్: అన్నయ్యలూ, ఫ్లయిట్ సిమ్యులేటర్‌లో బోయింగ్ 737-800 విమానం, హైదరాబాద్ నుంచి విశాఖ. 35,000 అడుగుల నుంచి 100 మైళ్ల దగ్గర దిగడం మొదలుపెడితే చివర్లో ఎత్తు మిగిలిపోతోంది. ముక్కు దించితే ఓవర్‌స్పీడ్ క్లాకర్ (వేగం హద్దు దాటితే మోగే హెచ్చరిక) కొడుతోంది.

రాయగడ నుంచి మూర్తి: తమ్ముడూ, ముందు లెక్క. వెయ్యి అడుగులకి 3 నాటికల్ మైళ్లు. 35 మూళ్లు 105. వేగం తగ్గించుకోడానికి ఇంకో 10. చలికాలం ఆ దారిలో పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది. పైన గాలి 50 నాట్లు (గంటకి 50 నాటికల్ మైళ్లు) ఉంటే మరో 8, 10 కలుపు. అంటే 125 దగ్గరే థ్రాటిల్ ఐడిల్‌కి (ఇంజన్ల కనీస శక్తికి) రావాలి. పైగా నీ 100 తిన్నని దూరమా, దారి మైళ్లా? విశాఖలో పడమటి వైపు దిగే 28 రన్‌వే అయితే ఊరు దాటి సముద్రం మీంచి తిరిగి రావాలి కాబట్టి దూరం కలిసొస్తుంది. అదే రన్‌వే రెండో కొస, 10కి తిన్నగా వస్తే ఏమీ మిగలదు. దిగే రేటు కావాలంటే గ్రౌండ్ స్పీడ్‌ని (నేలతో పోలిస్తే వేగం) 5తో గుణించు: 450 నాట్లకి నిమిషానికి 2,250 అడుగులు.

పర్లాకిమిడి నుంచి రమణ: క్లాకర్ సంగతి నేను చెప్తా. 0.78 మాక్ (ధ్వని వేగంలో 78 శాతం) పట్టుకుని దిగుతుంటే, కిందికొచ్చే కొద్దీ గాలి చిక్కబడి మీటర్‌లో నాట్లు వాటంతటవే పెరుగుతాయి. 29,000 ప్రాంతంలో 300 తగులుతుంది. అక్కడ మాక్ వదిలేసి 300 నాట్లు పట్టుకోవాలి. ఆటోపైలట్‌ని మాక్ మీదే వదిలేస్తే 340 గీత దాటేస్తుంది. ఆ విమానానికి హద్దులు 0.82 మాక్, 340 నాట్లు.

ఎత్తు మిగిలినప్పుడు అందరూ చేసేది ముందే వేగం తగ్గించడం. అది తిరగబడుతుంది. స్పీడ్‌బ్రేక్ (రెక్కల మీద లేచి గాలిని అడ్డుకునే పలకలు) 300 నాట్ల దగ్గర గట్టిగా పట్టుకుంటుంది, 220 దగ్గర పెద్దగా పనిచెయ్యదు. కాబట్టి 310, 320 మీద స్పీడ్‌బ్రేక్ లేపి ముందు ఎత్తు పోగొట్టు. 10,000 దగ్గర సమంగా నిలబడి 250కి రా. సమంగా ఉంటే 10 నాట్లకి సుమారు ఒక మైలు పడుతుంది, దిగుతూ తగ్గించబోతే చాలా ఎక్కువ. స్పీడ్‌బ్రేక్ లీవర్ ఫ్లయిట్ డిటెంట్ (గాల్లో వాడే హద్దు గాడి) దాటనివ్వకు. ఇంకా మిగిలితే 270 లోపు గేర్ (చక్రాలు) దించు, అంతకు మించిన బ్రేకు లేదు.

మూర్తి: ఒక మాట కలుపుతా. బరువున్న విమానం తొందరగా దిగుతుందనుకుంటారు. అదే వేగం మీద అది ఇంకా దూరం జారుతుంది. ఇంజన్ యాంటీ-ఐస్ (మంచు కట్టకుండా చేసేది) వేస్తే ఐడిల్ పెరుగుతుంది, అప్పుడూ ఇంకాస్త ముందే మొదలుపెట్టాలి.

సంతోష్: అక్కడే కేబిన్ ప్రెజర్ పోతే?

రమణ: మాస్క్ ముందు. 35,000లో తెలివి ఉండేది 30 నుంచి 60 సెకన్లే, దిగడం ఆ తర్వాత. థ్రాటిల్ ఐడిల్, స్పీడ్‌బ్రేక్ డిటెంట్ దాకా, 340 వైపు. విమానం బాడీ దెబ్బతిందని అనుమానముంటే మాత్రం ఉన్న వేగం పెంచకు. 10,000 దగ్గర ఆగు. ఒడిశాలో ఎత్తైన కొండ దేవమాలి 1,672 మీటర్లు, అంటే దాదాపు 5,500 అడుగులు, కాబట్టి సరిపోతుంది. సమం చేసేముందు స్పీడ్‌బ్రేక్ లీవర్ కిందికి వేసెయ్. మరిచిపోతే వేగం నిలబెట్టడానికి ఇంజన్లు అనవసరంగా గట్టిగా లాగాల్సి వస్తుంది.