దసరా సెలవుల్లోపే పాత బడి కాయితాలు తెప్పిచ్చుకోండ్రి

నమస్తే అన్నా, అక్కా. మాది పరకాల. జూన్‌ల అమెరికాల డాలస్‌కు వచ్చినం. పాప టెన్తు, ఇంటర్ ఫస్టియర్ హన్మకొండల చదివింది. ఇక్కడ బడిల పన్నెండో క్లాసుల చేర్పిచ్చినం. కాలేజీ అప్లికేషన్లు ఆగస్టు 1నే మొదలైనయ్ అంటున్నరు. ఇప్పుడే పంపాల్నా, ఆఖరు తేదీ దాక ఆగొచ్చా?

తమ్ముడూ, ముందుగాల పంపినంత మాత్రాన సీటు రాదు. నవంబర్ 1 గడువున్న కాలేజీకి సెప్టెంబర్‌ల పంపినా, అక్టోబర్ ఆఖర్ల పంపినా ఒక్క తీరుగనే చూస్తరు. రోలింగ్ పద్ధతి ఉన్న కాలేజీలే వేరు. ఫైలు వచ్చింది వచ్చినట్టే చూసుకుంట పోతరు, సీట్లు నిండుకుంట పోతయ్. అసొంటివాటికి జల్ది పంపుండ్రి. మిగిలినవాటికి గడువుకు రెండు వారాల ముందు పంపుడే మంచిదని నేనంట. మనూర్ల ఎంసెట్‌కు, అదే ఇప్పటి ఈఏపీసెట్‌కు, తేదీ దాటినా లేట్ ఫీజు కట్టి పెట్టుకుంటం. ఆ ధీమా ఇక్కడ వద్దు.

మీకు అసలు పని అప్లికేషన్‌ల రాసే వ్యాసం కాదు, పాత బడి కాయితాలు. మా పెద్దోనికి మేం అక్కడనే దెబ్బ తిన్నం. వాడు గూడ మీ పాప లెక్కనే నడుమల వచ్చినోడు. పాత బడి నుంచి మార్కుల కాయితం సీలు కవర్ల రావాలని ఇక్కడి బడిల కాలేజీ సంగతులు చూసే కౌన్సెలర్ చెప్పేసరికే సెప్టెంబర్ ఆఖరు. మా బామ్మర్ది బడికి పోతే గేటుకు తాళం. వాచ్‌మన్ ఒక్కడే ఉన్నడట, పక్కన తంగేడు పూల కుప్ప. "సద్దుల బతుకమ్మ గద సార్, దసరా అయి బడి తెరిచినంక రాండ్రి" అన్నడట. తెరిచినంక పోతే సంతకం పెట్టిన్రు గని కవరు అతుకు మీద ముద్ర ఎయ్యలే. మల్ల తిరుగుడు. ఆ కవరు మా ఇంటికొచ్చేసరికి నవంబర్ 1 దాటింది. వాడు మనసు పెట్టుకున్న కాలేజీ అది. తర్వాత జనవరి గడువుల వేరేవి పెట్టి మంచిగనే చదువుకున్నడు, గని ఆ రాత్రి వాని మొకం నేనింక మర్వలే.

అందుకే ఈ వారమే కౌన్సెలర్‌ను అడుగుండ్రి: చేరినప్పుడు ఇచ్చిన మెమోలు చాల్తయా, సీలు కవరు కావాల్నా? సిఫారసు ఉత్తరాల కోసం టీచర్లను గూడ ఇప్పుడే అడగాలె. పాప వాళ్లకు కొత్త, ఆమె గురించి రాయాలంటే వాళ్లకు కొన్ని వారాలన్న కావాలె. టెన్తు మెమోల ఎట్లున్నదో అట్లనే రాయుండ్రి, మీరే ఇక్కడి నాలుగు పాయింట్ల జీపీఏకు మార్చి లెక్క కట్టకుండ్రి.

ఆస్టిన్‌ల ఉన్న టెక్సస్ యూనివర్సిటీ (యూటీ) మీ మనసుల ఉంటే, ముందుగాల పెట్టుకునే ఎర్లీ యాక్షన్ పద్ధతికి గడువు అక్టోబర్ 15, మామూలుది డిసెంబర్ 1. ఎర్లీ యాక్షన్‌ల సీటొచ్చినా కట్టుబాటు లేదు, మే 1 దాక ఆలోచించుకోవచ్చు. ఎర్లీ డెసిషన్ అట్ల కాదు. ఒక్క కాలేజీకే పెట్టాలె, వస్తే పోవాల్సిందే. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల ఇంటోళ్ల వీసా) మీదున్న పిల్లలకు ఫాఫ్సా, అంటే ఇక్కడి సర్కారు చదువు సాయం, రాదు కాబట్టి, ఫీజు సంగతి ఇంట్ల తేలకముందు ఎర్లీ డెసిషన్ మీద సంతకం పెట్టనీయకుండ్రి. టెక్సస్‌ల ఉండేటోళ్లకు ఇచ్చే తక్కువ ఫీజు (లోకల్ ఫీజు) కావాలంటే 12 నెలల నివాసం చూస్తరు. లీజు కాయితం, జీతం స్లిప్పులు ఇప్పటి నుంచే దాచిపెట్టుకోండ్రి.

శాన కాలేజీలకు ఒక్క ఫారంతోనే పెట్టుకునే కామన్ యాప్ వెబ్‌సైట్‌ల, గడువు రాత్రి 11:59 అంటే మీరున్న ఊరి టైమే. గని ఆ రాత్రి దాక ఆగకుండ్రి. ఫీజు కట్టి సబ్మిట్ కొట్టినంక మెయిల్ వచ్చిందా, కాలేజీ పోర్టల్‌ల మార్కుల కాయితం చేరినట్టు పడ్డదా చూసుకునేటందుకే ఆ రెండు వారాలు.

అక్కా, శాన సంతోషం. మా నాయిన పరకాలలనే ఉంటడు, రేపే హన్మకొండకు పంపుత.

పంపుండ్రి తమ్ముడూ. గేటు దాటకముందే కవరు అతుకు మీద ముద్ర పడ్డదా చూసుకొమ్మని నాయినకు చెప్పుండ్రి.