ఫ్లాట్‌బెడ్ ట్రక్కు వెనుక ట్రావెల్ ట్రైలర్ ఊగుతోంది, సలహా కావాలి

టెక్సస్‌లో ఒక టన్ను తరగతి ఫ్లాట్‌బెడ్ ట్రక్కుతో (వెనుక పక్క గోడలు లేని చదునైన బల్ల ఉన్నది) 7,000 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనుక లాగే చక్రాల ఇల్లు) లాగుతున్నాను. ట్రక్కు బల్ల అంచు హిచ్ రిసీవర్ (ట్రైలర్ తగిలించే హిచ్‌ను దూర్చే, ఛాసిస్‌కు బిగించిన గొట్టం) కన్నా 10 అంగుళాలు వెనక్కి పొడుచుకువచ్చింది. రివర్స్‌లో బాగా తిప్పితే బల్ల మూల ట్రైలర్ గ్యాస్ సిలిండర్ల మూతను రాసుకుంటోంది, ప్లాస్టిక్ చీలింది కూడా.

రిసీవర్‌ను వెనక్కి పొడిగించే 12 అంగుళాల ఎక్స్‌టెన్షన్ వేశాను. రాపిడి ఆగింది, కానీ గంటకు 55 మైళ్లు దాటాక, ముఖ్యంగా పెద్ద లారీ పక్కనుంచి దూసుకెళ్తే, ట్రైలర్ అటూ ఇటూ ఊగుతోంది. ట్రైలర్ ముందు భాగం కూర్చునే హిచ్ బంతిపై బరువు 900 పౌండ్లు, అంటే ట్రైలర్ బరువులో దాదాపు 13 శాతం. టైర్లలో గాలి, ట్రైలర్ బ్రేకులను నడిపే బ్రేక్ కంట్రోలర్ సరిగానే ఉన్నాయి. ఊపును అదుపు చేసే స్వే బార్ బిగించినా ఊపు పూర్తిగా పోలేదు. పిల్లలతో ప్రయాణం, అందుకే ఇలా వదిలేయలేను.

ఎక్స్‌టెన్షన్ తీసేసి, రిసీవర్‌నే ఛాసిస్‌పై బల్ల అంచు దాకా వెనక్కి జరిపిస్తే ఈ ఊపు తగ్గుతుందా?