శోధన“కు” నిలిచినవాడా, శోధన“లో” నిలిచినవాడా?

బీరువా అద్దం:
గ్రూపులో పెద్దలకు నమస్కారం. నెల రోజులుగా ఒక్క అక్షరం నా బుర్ర తినేస్తోంది. మా స్టీలు బీరువా అద్దానికి నాన్న తన చేత్తో రాసి అంటించిన అట్టముక్క ఒకటి ఉండేది. ఆయన పోయి ఆరేళ్లు. మొన్న మల్కాజిగిరిలోనే ఇల్లు మారుతూ టేపు పీకితే అట్ట పైపొర ఊడి, ఒక అక్షరం దాంతోపాటే లేచిపోయింది. ఇప్పుడు “శోధన”, పక్కన గోధుమరంగు మరక, ఆ తర్వాత “నిలిచినవాడై... జీవకిరీటము పొందును” అని మిగిలింది. బైబిల్లోని యాకోబు పత్రిక 1:12 అని తెలుసు. పాత అనువాదంలో “శోధనకు నిలిచినవాడై” అని ఉంది, అదీ చూశాను. కానీ సాయంత్రం ప్రార్థనల్లో విని విని నా చెవిలో ఉండిపోయింది మాత్రం “శోధనలో”. రోజూ ఆ అద్దంలోనే తల దువ్వుకున్నాను గానీ ఆ అట్ట ఒక్కసారీ సరిగ్గా చదివిన పాపాన పోలేదు. నాన్న మార్చి రాశారో, నా చెవే మార్చిందో తెలీదు. తెలుగులో రెండూ ఒకటేనా?

తార్నాక మేష్టారు:
“కు”. ఇందులో చర్చకేముంది? ఎండకు నిలవని రంగు, వానకు నిలవని గోడ అంటాం. ఎదురుపడ్డదానికి లొంగకపోతే నిలిచినట్టు. ఎండలో నిలిచిన రంగు అంటే పాపం రంగు బస్సు కోసం నిలబడిందనుకుంటారు.

వేమన వీరాభిమాని:
అసలు అది “సాధన” ఏమో చూడండి. “సాధనమున పనులు సమకూరు ధరలోన” అని ఊరికే అన్నాడా మావాడు?

తార్నాక మేష్టారు:
మీకు ప్రతి పోస్టులోనూ వేమనే కనిపిస్తాడు. సాధనకు కిరీటం ఎవరిస్తున్నారండీ, ఇస్తే మాకూ చెప్పండి.

ఒంగోలు కోడలు:
మాస్టారూ, అంత తొందరగా కొట్టిపారేయకండి. పరలోక ప్రార్థనలో “శోధనలోకి తేక” అనే కదా రోజూ చెప్పుకునేది. ఇదే యాకోబు, ఇదే అధ్యాయం, రెండో వచనంలో “నానావిధములైన శోధనలలో పడునప్పుడు” అన్నాడు. లోకి తీసుకెళ్లొచ్చు, లో పడొచ్చు, లో నిలవకూడదా? ఎండ, వాన మన మీదికొచ్చేవి. శోధన అలా కాదు, మనమే అందులో ఉంటాం. నేను ఆస్పత్రి వార్డుల్లో ప్రార్థనకు వెళ్తుంటాను. మంచం మీద ఉన్నవాళ్లు “శోధనలో ఉన్నామమ్మా” అంటారు గానీ “శోధనకు ఎదురుగా ఉన్నాం” అని ఎవరూ అనగా వినలేదు.

తార్నాక మేష్టారు:
ఈ దెబ్బ బాగానే తగిలింది. అయినా “కు” వదలను.

పాత పుస్తకాల పురుగు:
ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం బేరమాడి తెచ్చుకున్న గ్రీకు నిఘంటువు ఇన్నాళ్లకు పనికొచ్చింది. ఆ వచనంలో రెండు వేర్వేరు మాటలున్నాయి. మొదటి సగం, “శోధన సహించువాడు ధన్యుడు”. ఈ సహించడానికి మూలం హుపొమెనో. విడదీస్తే “కింద ఉండిపోవడం”, బరువు కిందనుంచి తప్పుకోకపోవడం. అక్కగారు చెప్పే “లో” అంతా ఇక్కడే అయిపోయింది. రెండో సగంలో దోకిమోస్. నాణెం, లోహం పరీక్షించి చెల్లుతుందని తేల్చాక వాడే మాట. దాన్నే మనవాళ్లు “శోధనకు నిలిచినవాడై” అన్నారు. అక్కడ కూడా “లో” వేస్తే చెప్పిందే మళ్లీ చెప్పినట్టు.

జనరల్ బజార్ కుర్రాడు:
మాది బంగారం పనే అన్నా. మా నాయన కూడా “గీటుకు నిలిచింది”, “పుటానికి నిలిచింది” అనే అంటడు. పుటంలో నిలిచింది అనడు. పుటంలో అన్నీ నిలుస్తయి, రాగి కూడా. బయటికి తీసినంకనే తెలుస్తది ఏది ఎంతో.

పాత పుస్తకాల పురుగు:
“రాగి కూడా”. తమ్ముడూ, నా నిఘంటువు పక్కన పడేస్తున్నాను. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు మాట, 23:10 కూడా ఇదే కదా, “ఆయన నన్ను శోధించిన తరువాత నేను సువర్ణమువలె కనబడుదును”. అసలు శోధన అంటేనే సంస్కృతంలో శుద్ధి చేయడం. ఆయుర్వేదం వాళ్లు పాదరసాన్ని శోధిస్తారు. బయట తెలుగులో అది వెతకడమైంది, చర్చి తెలుగులో కష్టమైంది. పాత అర్థం యోబు దగ్గర ఇంకా కాస్త మెరుస్తోంది.

ఒంగోలు కోడలు:
మరి అదే యాకోబు 13వ వచనంలో దేవుడు “ఎవనిని శోధింపడు” అన్నాడుగా? యోబును శోధించింది ఎవరు మరి?

పాత పుస్తకాల పురుగు:
అదే చిక్కు. గ్రీకులో పెయిరాస్మోస్ ఒక్కటే మాట, బయటినుంచి వచ్చే కష్టానికీ, లోపలినుంచి లాగే ఆశకూ. 12లో మొదటిది, 13కు వచ్చేసరికి రెండోది. తెలుగువాళ్లూ రెంటికీ శోధనే వాడారు. దేవుడు అబ్రాహామును కొడుకును బలి అడిగిన చోట మాత్రం జాగ్రత్తపడి “పరిశోధించెను” అన్నారు. ఆ “పరి” చేర్చినవాడెవరో గానీ దండం పెట్టాలి.

వినుకొండ వాసి:
మీరంతా నిఘంటువులు తిరగేస్తున్నారు. కు, లో తగాదా జాషువా ఎప్పుడో తీర్చేశాడు. తన గురువులు ఇద్దరు అన్నాడు, పేదరికం ఒకటి, కులమత భేదం ఒకటి. మొదటిది సహనం నేర్పింది, రెండోది ఎదిరించే శక్తినిచ్చింది అన్నాడు. సహనం “లో”, ఎదిరింపు “కు”. ఇద్దరు గురువులకూ చెరో విభక్తి.

తార్నాక మేష్టారు:
అన్వయం అద్భుతం. జాషువా పేరు చెప్పి నన్ను ఓడించడం మాత్రం అన్యాయం.

వేమన వీరాభిమాని:
ఆయన్ను క్రైస్తవ కవి ఖాతాలో వేయకండి.

వినుకొండ వాసి:
వేసిందెవరు? “క్రీస్తు చరిత్ర”కు 1964లో సాహిత్య అకాడమీ ఇచ్చిందిగా, అది ఏ ఖాతా మరి? పురాణ కథలు రాశాడని చర్చివాళ్లూ సణిగారు, పుట్టుక చూసి అగ్రకులాలవాళ్లూ పంక్తిలోంచి లేపారు. రెండువైపులా తోసినా పద్యం వదల్లేదు. నాకైతే నిలవడం అంటే అదే.

తార్నాక మేష్టారు:
ఆ లెక్కన పోతన గజేంద్రుణ్ణి ఎక్కడ పెడతారు? మొసలితో వెయ్యేళ్లు పోరాడి ఏనుగు “కు” నిలిచింది. ఆ తర్వాత “లావొక్కింతయు లేదు” అనేసింది. “కలడు కలండనెడివాడు కలడో లేడో” అని అనుమానం కూడా పడింది. అంత అనుమానపడ్డవాడికే స్వామి పరుగెత్తుకొచ్చాడు. యాకోబేమో సందేహించేవాడు సముద్ర తరంగంలాంటివాడు, వాడికేమీ దొరకదు అంటాడు. అక్కడ నా ఓటు పోతనకే.

ఒంగోలు కోడలు:
మాస్టారూ, “నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము” అని ఒక తండ్రి యేసును వేడుకున్నాడు, మార్కు 9లో. ఆ పిల్లాడూ బాగయ్యాడు. మీ ఏనుగుకు మా దగ్గరా చోటుంది లెండి.

వినుకొండ వాసి:
అక్కా, మీ ఒంగోలు సంగతే ఒకటి. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. బాప్తిస్మం అడిగినవాళ్లకు మాత్రం కరువు పనులు నడుస్తున్నన్నాళ్లూ ఇవ్వలేదు, గంజి కోసం వచ్చారంటారని. పని ఆగిపోయాక వచ్చినవాళ్లకే ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. కూలి ఆగాక కూడా మిగిలినవాళ్లు. ఇది కు నా, లో నా?

జనరల్ బజార్ కుర్రాడు:
పుటంలోంచి బయటికి తీసినంక చూసినట్టే అన్నా. కు.

బీరువా అద్దం:
నా అట్టముక్క గుండ్లకమ్మ దాకా పోయింది. ఒక్క విషయం చెప్పాలి. నాన్న బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవారు. రాని సరుకు వచ్చినట్టు సంతకం పెట్టమన్నారట. పెట్టలేదు. 14 నెలలు ఇంట్లో ఉన్నారు. అమ్మ చీరలకు ఫాల్స్ కుట్టింది. ఆ అట్ట అంటించింది అప్పుడే. చాలా ఏళ్ల తర్వాత ఓసారి టీ తాగుతూ చెప్పారు, ఆ రోజు పెన్ను క్యాప్ తీశారట. చొక్కా జేబులో నా స్కూల్ ఫీజు చీటీ ఉందట. మళ్లీ క్యాప్ పెట్టేసి బయటికొచ్చేశారట. ఉద్యోగం పోవడం శోధనా, పెన్ను శోధనా అని పురుగుగారు చెప్పింది చదివాక ఆలోచిస్తున్నాను.

పాత పుస్తకాల పురుగు:
పెన్నుకు నిలిచి, 14 నెలల్లో నిలిచారు. ఇంతకంటే నాకు గ్రీకు రాదు.

ఒంగోలు కోడలు:
అమ్మగారిని అడిగారా బాబూ? ఆవిడ చెవిలో ఏముందో?

బీరువా అద్దం:
ఇప్పుడే అడిగానండీ. కళ్లజోడు లేకుండానే మరక మీద వేలు పెట్టి గడగడా చదివేసింది. “శోధనకి నిలిచినవాడై” అట.

తార్నాక మేష్టారు:
చూశారా! కాకపోతే “కి” కాదు, “కు”. ఇకారం తర్వాతే “కి” వస్తుందని చిన్నయసూరి ఎప్పుడో తేల్చాడు.

ఒంగోలు కోడలు:
మా వైపు అన్నిటికీ “కి”నే మాస్టారూ. మా ఇంటికొచ్చి చిన్నయసూరి అన్నం తినడుగా. బాబూ, నాన్నగారిది ఏ ఊరు?

బీరువా అద్దం:
చీరాలండీ.

ఒంగోలు కోడలు:
అయితే ఆయన రాసిందీ “కి”నే.

తార్నాక మేష్టారు:
రాసేటప్పుడు ఎవరూ అలా రాయరు. ఆ మరక ఫొటో పెట్టండి, కొమ్ము ఉందో గుడి ఉందో చూద్దాం.