‘రెడ్యూసిబుల్ హెర్నియా’ అంటే తగ్గే హెర్నియానా?

ప్రశ్న:
రోగులకిచ్చే కరపత్రం ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘రెడ్యూసిబుల్ హెర్నియా’ దగ్గర కలం ఆగింది. నిఘంటువులో తగ్గించదగిన, కుదించదగిన అని ఉంది. ‘తగ్గించదగిన హెర్నియా’ అంటే సరిపోతుందా?

జవాబు:
సరిపోదండీ. మందులతో తగ్గిపోతుందేమో అనుకుంటారు. ఆ మాటకు మూలం లాటిన్. ‘రె’ అంటే వెనక్కి, ‘డూకెరె’ అంటే నడిపించడం. పొట్ట గోడ బలహీనపడిన చోట బయటికి ఉబికిన పేగో కొవ్వో తిరిగి లోపలికి పోతుందా అన్నదే ఇక్కడ సంగతి. విరిగిన ఎముకను మళ్లీ చోటికి చేర్చడాన్నీ ‘రిడక్షన్’ అనే అంటారు, అక్కడా తగ్గేదేమీ లేదు. అసలు డాక్టర్లు రోగిని అడిగేదే మంచి తెలుగు: “పడుకుంటే లోపలికి పోతోందా? దగ్గితే మళ్లీ వస్తోందా?” కాబట్టి ‘లోపలికి పోయే హెర్నియా’ అనేయండి.

మరో జవాబు:
సర్జరీ వార్డులో పనిచేస్తాను. పై మాట బాగుంది గానీ, ‘లోపలికి పోయింది కదా, నయమైపోయింది’ అనుకునేవాళ్లే ఎక్కువ. గోడలో సందు అలాగే ఉంటుందని ఒక ముక్క కలపండి. అలాగే ‘ఇన్‌కార్సరేటెడ్’ హెర్నియానూ ‘స్ట్రాంగ్యులేటెడ్’ హెర్నియానూ ఒకే గాటన కట్టకండి. మొదటిది ఇరుక్కుపోయి తిరిగి లోపలికి పోనిది (లాటిన్‌లో ‘కార్కెర్’ అంటే చెరసాల). రెండోది ఇరుక్కున్న భాగానికి రక్తం ఆగిపోయినది. దీనికి మాటకు మాటగా ‘ఉరిబిగిసిన’ అని రాస్తే రోగి హడలిపోతాడే తప్ప ఏం చేయాలో తెలియదు. ‘రక్తం అందని హెర్నియా’ అని రాసి, ఉబ్బు గట్టిపడి విపరీతంగా నొప్పి పుట్టినా, వాంతులవుతున్నా, పైన చర్మం రంగు మారినా వెంటనే ఆసుపత్రికి రావాలనీ, చేత్తో బలవంతంగా నొక్కకూడదనీ రాయండి. గంటల్లోనే పేగు కుళ్లిపోవచ్చు.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి హెర్నియాకే తెలుగు మాట పెట్టాలంటే? వరిబీజం అనొచ్చా?

జవాబు:
వద్దు. వాడుకలో రెంటినీ కలిపేస్తారు గానీ వరిబీజం హైడ్రోసీల్, అంటే వృషణం చుట్టూ నీరు చేరడం. ‘ఆంత్రవృద్ధి’ ఆయుర్వేదం చదివినవారికే తెలుస్తుంది. పత్రికల్లో ‘గిలక’ కనిపిస్తుంది, నాకూ ఇష్టమే, కాకపోతే బావి గిలక గుర్తొచ్చేవాళ్లూ ఉంటారు. శీర్షికలో ‘హెర్నియా (గిలక)’ అని ఒక్కసారి పెట్టి, లోపలంతా హెర్నియా అనే ఉంచండి.