తీగలకు పదిహేనేళ్లు నిండితే మార్చేయాల్సిందేనా?

పాతపడవ:
నేను కొన్న తెరచాప పడవ వయసు 31 ఏళ్లు, పొడవు 9 మీటర్లు. మాస్టును (తెరచాప స్తంభాన్ని) నిలబెట్టే తీగలు ఎప్పుడు వేసినవో అమ్మినాయనకే తెలియదు. గుడ్డతో పైనుంచి కిందికి తుడిచి చూశాను. ఎక్కడా తెగిన పోగు ఒక్కటైనా గుడ్డకు తగులుకోలేదు, మెరుపు కూడా తగ్గలేదు. రిగ్గర్‌ను (మాస్టు, తీగల పనివాణ్ని) పిలిస్తే పడవ వయసు అడిగి, మాస్టు ఎక్కకుండానే "అన్నీ మార్చేయండి" అన్నాడు. చూడకుండా చెప్పే ఈ తీర్పు సబబేనా?

ఉప్పుగాలి:
సబబే. చాలా బీమా సంస్థలు 10 నుంచి 15 ఏళ్ల దగ్గర గీత గీసేది ఊరికే కాదు. గాలి ఒక పక్క నుంచి వీస్తే ఆ పక్క ష్రౌడ్ (మాస్టును పక్క నుంచి పట్టే తీగ) బిగుస్తుంది, గాలిమరుగు పక్కది వదులై ప్రతి అలకూ ఊగుతుంది. అలా లక్షల సార్లు ఊగిన లోహం అలసిపోతుంది. జింకు పూత తీగల కాలంలో తుప్పు ముందే కనిపించేది, మనిషి జాగ్రత్త పడేవాడు. స్టెయిన్‌లెస్‌కు ఆ మర్యాద లేదు. తెగే రోజు దాకా మెరుస్తూనే ఉంటుంది.

కొలబద్ద:
నేను ఒప్పుకోను. మంచినీటి చెరువులో ఏడాదికి పది రోజులు తిరిగిన పడవకూ, ఉప్పునీటిలో ఏళ్ల తరబడి దూరాలు వెళ్లిన పడవకూ ఒకే క్యాలెండరు ఎలా సరిపోతుంది? తీగ మధ్యలో తెగడం అరుదు. 19 పోగుల తీగ ప్రాణం దాని చివర్లలో ఉంటుంది. అక్కడ చూడండి పాతపడవ గారూ. కింది చివర తీగ మీద నొక్కి బిగించిన స్వేజ్ గొట్టాన్ని శుభ్రంగా కడిగి ఆరబెట్టి, పగుళ్లు పట్టే ఎర్ర రంగు పూయండి. డబ్బా మీద రాసినంత సేపు ఆగి, తుడిచేసి, పగుల్లోని రంగును పైకి లాగే తెల్ల డెవలపర్ చల్లండి. పగులు ఉంటే తెలుపు మీద ఎర్ర గీత తేలుతుంది. పై చివరలను వదలకండి గానీ, అనుమానం ముందు కింది వాటి మీదే పెట్టుకోండి. తీగ వెంట జారిన నీరు కింది గొట్టంలో నిలుస్తుంది, పైది బోర్లించిన గ్లాసులాంటిది.

ఉప్పుగాలి:
ఆ రంగుకు బయటికి తెరుచుకున్న పగులే కనిపిస్తుంది. గొట్టం లోపల తీగ కుళ్లుతుంటే ఏ రంగు చెబుతుంది కొలబద్ద గారూ? నా పడవలో స్వేజ్ పైకి నున్నగానే ఉండేది. మామూలు గాలిలోనే ష్రౌడ్ ఊడి వచ్చింది. వెంటనే పడవను రెండో పక్కకు తిప్పి, హాలియర్డ్‌ను (తెరచాపను పైకి లాగే తాడును) పడవ అంచుకు కట్టాం కాబట్టి మాస్టు దక్కింది.

చుక్కాని:
ఇద్దరూ తీగ దగ్గరే ఆగిపోయారు. తీగను పడవకు పట్టి ఉంచే లోహపు పలక, చైన్‌ప్లేట్, సంగతి ఏమిటి? స్టెయిన్‌లెస్ తుప్పు పట్టకపోవడానికి కారణం దాని మీది సన్నని క్రోమియం ఆక్సైడ్ పొర. గీత పడినా, గాలిలోని ఆక్సిజన్ తగిలితే ఆ పొర మళ్లీ ఏర్పడుతుంది. చైన్‌ప్లేట్ డెక్కు మందం గుండా దిగే చోట తడి ఉంటుంది, ఉప్పు ఉంటుంది, గాలి మాత్రం ఉండదు. నేను ఊడదీసిన పలక డెక్కు పైన అద్దంలా ఉంది, కింద కేబిన్‌లో కూడా అద్దంలాగే ఉంది. మధ్యలో వేలెడంత మేర నల్లని గుంటలు, వాటి మీదుగా అడ్డంగా ఒక పగులు. పైన పటారం, లోన లొటారం. కొత్త తీగ తెచ్చి దానికి తగిలిస్తే ఏం లాభం?

గాలివాలు:
మారుస్తున్నారు కదా, ఒక సైజు లావు తీగ వేసేస్తే భయం తీరదా?

చుక్కాని:
తీరదు. పైన బరువు పెరిగితే పడవ ఎక్కువ ఒరుగుతుంది. పిన్నులు, టర్న్‌బకుల్‌లు (తీగను బిగించే మరలు), చైన్‌ప్లేట్‌లు పాత తీగ బలానికి లెక్కగట్టినవి. తెగేది తీగ కాకపోతే అవే. తీగ బదులు వాడే డైనీమా అనే సింథటిక్ తాడు సంగతి ఇప్పుడు ఎత్తకండి, రాపిడి, మెల్లగా సాగిపోవడం, పెద్ద రామాయణం అది.

పాతపడవ:
రెండు వారాలు పట్టింది, వచ్చి చెబుతున్నాను. హాలియర్డ్‌లతో మాస్టును ఆపి, ఒక్కొక్క తీగే విప్పాను. ఎనిమిది తీగల్లో ఒక్క కింది స్వేజ్ మీదే గోరంత ఎర్ర గీత తేలింది. ఫోర్‌స్టే (మాస్టును ముందు నుంచి పట్టే తీగ) ముందు తెరచాపను చుట్టే ఫర్లర్ గొట్టం లోపల ఉంటుంది కాబట్టి ఇన్నాళ్లూ దాన్ని ఎవరూ చూసినట్టు లేదు. బయటికి లాగితే పై చివర దగ్గర రెండు పోగులు తెగి ఉన్నాయి. గుడ్డతో తుడిచి మురిసిపోయిన నాకు అది చెంపపెట్టు. చైన్‌ప్లేట్‌లలో ఎడమ వైపువి బాగున్నాయి, కుడి వైపు ఒకదానికి చుక్కాని గారు చెప్పిన గుంటలే.

అన్నీ మారుస్తున్నాను. పైన స్వేజ్, కింద మళ్లీ విప్పి చూసుకోగలిగే మెకానికల్ టెర్మినల్. తీగ 316 రకం స్టెయిన్‌లెస్.

కొలబద్ద:
చూస్తేనే కదా దొరికింది! ఆరు తీగల్లో ఏ దోషమూ కనిపించలేదు, అవీ పారేస్తున్నారు. సరే, మీ పడవ మీ ఇష్టం. కొత్తవి బిగించేటప్పుడు చేతి లెక్క వద్దు. వదులుగా ఉన్న తీగ మీద 2 మీటర్ల బద్ద పై చివరను టేపుతో అంటించండి, కింది చివర దగ్గర గుర్తు పెట్టండి. బిగించే కొద్దీ గుర్తు బద్ద చివర నుంచి జరుగుతుంది. 1 మిల్లీమీటరు జరిగితే తెగే బరువులో 5 శాతం పడినట్టు. కొత్త తీగ మొదట కాస్త సాగుతుంది, నాలుగైదు సార్లు తిరిగాక మళ్లీ కొలవండి. ఇంకో మాట, ఆ ఆరు పాత స్వేజ్‌లలో ఒకటి నిలువునా కోయించి ఇక్కడ చెప్పండి. ఉప్పుగాలి గారిదో నాదో తేలిపోతుంది.

పాతపడవ:
ఒకటి కాదు, రెండు కోయించాను. మొదటిది లోపల వెండిలా ఉంది. రెండోదాంట్లో పోగుల మధ్య గోధుమ రంగు బురద, గోటితో గీకితే పొడి రాలింది. బయట రెంటికీ తేడా లేదు.